మధ్యలో ఆ ఏడాది మోడల్ ఏమైంది?

కొత్త రూపంలో కారు రాబోతోందంటే పాతదాన్ని ముందే ఎందుకు ఆపేస్తారు? ఆ ఖాళీ నెలల్లో ఫ్యాక్టరీలో ఏం జరుగుతుంది? ఆటోమొబైల్ రంగం వైపు చూస్తున్న కర్నూలు, కడప విద్యార్థులకు ఇది ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న. చేతికొచ్చిన ఆఫర్ గట్టిదా, నాలుగు నెలల ముచ్చటా అని తేల్చుకోవడానికి కూడా ఇదే ఆధారం.

కడప ఏడు రోడ్ల కూడలిలోనో, కర్నూలు సి.క్యాంపు సెంటర్‌లోనో పాత కారు బేరం జరుగుతుంటే ధర కంటే ముందు వినపడే మాట... ‘ఇది యా మోడలన్నా?’. కారు పేరు కళ్లముందే కనపడుతోంది కాబట్టి అడుగుతున్నది సంవత్సరం గురించి. 2018 మోడల్, 2021 మోడల్ అంటాం. ఒక్క ఏడాది తేడాకే బేరం మారిపోతుంది. డిసెంబరులో తయారైన బండి జనవరి రాగానే ‘పోయినేడు మోడల్’ అయిపోతుంది. ఏడాది చివర్లో షోరూంలు డిస్కౌంట్ బోర్డులు కట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంత విలువున్న ఆ అంకెను కంపెనీలు ఒక్కోసారి పూర్తిగా వదిలేస్తాయి. ఒక ఏడాది మోడల్ అసలు రాదు. ఆ తర్వాత కొత్త రూపంతో వాహనం వస్తుంది. బయటివాళ్లకు ఇది వెనకడుగులా కనిపిస్తుంది. లోపల మాత్రం దాని వెనుక పక్కా లెక్క ఉంటుంది. ఆ లెక్క అర్థమైతే వాహన పరిశ్రమలో ఏ పని ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు తగ్గుతుందో తెలుస్తుంది.

అంకె దూకిన కార్లు

ఈ పద్ధతి బాగా కనిపించేది అమెరికాలో. అక్కడ ‘మోడల్ ఇయర్’ అనేది క్యాలెండర్ సంవత్సరంతో కచ్చితంగా కలవాల్సిన పనిలేదు. అక్కడి ఉద్గారాల నిబంధనల ప్రకారం ఒక మోడల్ ఇయర్ వాహనాల తయారీని అంతకు ముందు ఏడాది జనవరి 2 నుంచే మొదలుపెట్టవచ్చు. అంటే 2022 మోడల్ కారును 2021 జనవరిలోనే తయారు చేయొచ్చు.

అక్యురా ఎండీఎక్స్ విషయంలో జరిగింది ఇదే. పాత తరం ఎండీఎక్స్ 2020 మోడల్‌తో ఆగిపోయింది. కొత్త తరం 2021 ఫిబ్రవరిలో షోరూంలకు వచ్చింది, కానీ ‘2022 మోడల్’ పేరుతో. 2021 మోడల్ ఎండీఎక్స్ అనేదే లేదు. నిస్సాన్ పాత్‌ఫైండర్ కూడా అంతే. 2020 తర్వాత నేరుగా 2022. అమెరికాలో వాహన గుర్తింపు సంఖ్యలోని పదో అక్షరం మోడల్ ఇయర్‌ను చెబుతుంది. 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్. ఈ రెండు కార్ల వరసలో ఎల్ తర్వాత ఎన్ వస్తుంది, మధ్యలో ఎం కనపడదు.

ఇలా ఎందుకు? కొత్త కారు ఏడాది మొదట్లోనే సిద్ధమవుతుంటే, పాతదానికి మరో మోడల్ ఇయర్ పేరు పెట్టి కొద్ది నెలలు అమ్మడంలో లాభం తక్కువ. అక్కడ ప్రతి మోడల్ ఇయర్‌కూ ఉద్గారాల ధ్రువపత్రం తీసుకోవాలి. ధరల పట్టికలు, విడిభాగాల జాబితాలు, డీలర్ల ఆర్డర్లు అన్నీ మళ్లీ మార్చాలి. పైగా కొత్తదానికి ముందు అంకె ఇస్తే అది మార్కెట్లో ఎక్కువ కాలం ‘తాజా’గా ఉంటుంది.

మన దగ్గర కనిపించేది ఖాళీ

మన దేశంలో మోడల్ ఇయర్ లెక్క ఇలా ఉండదు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. జనం చూసేదీ దాన్నే. అందుకే ఇక్కడ అంకె దూకదు. దాని బదులు కారు కొన్నాళ్లు షోరూంలోనే కనపడదు. అసలు కథ మాత్రం దాదాపు ఒకటే.

మహీంద్రా థార్ మంచి ఉదాహరణ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఉద్గార నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పాత థార్ ఆ గీత దాటలేదు. కొత్త థార్‌ను కంపెనీ ఆ ఏడాది ఆగస్టు 15న చూపించి, అక్టోబరు 2న ధరలు ప్రకటించింది. మధ్యలో సుమారు ఆరు నెలల ఖాళీ. టాటా సఫారీ పేరు కూడా 2019లో పక్కకు తప్పుకుని, 2021 ఫిబ్రవరిలో పూర్తిగా కొత్త వాహనం మీద తిరిగొచ్చింది.

ఆపడం వెనుక నాలుగు లెక్కలు

1. నిబంధన గడువు: బీఎస్-4 నుంచి బీఎస్-6కు మారినప్పుడు సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే స్పష్టం చేసింది... 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-4 వాహనాలు అమ్మడానికి వీల్లేదని. అప్పుడు కంపెనీ ముందు ఉండే ప్రశ్న ఇది. ఏడాదిలో ఎలాగూ ఆగిపోయే పాత కారు ఇంజిన్‌ను ఇప్పుడు డబ్బు పెట్టి మార్చాలా?

చిన్న లెక్క వేద్దాం. ఆ మార్పుకు 20 కోట్ల రూపాయలు అవుతుందనుకోండి. ఆ కారు ఇంకా లక్ష అమ్ముడయ్యేదైతే ఒక్కోదాని మీద పడే భారం 2 వేల రూపాయలు. వెయ్యి మాత్రమే అమ్ముడయ్యేదైతే ఒక్కోదాని మీద 2 లక్షలు! రెండో పరిస్థితిలో ఏ మేనేజరైనా పాతదాన్ని ఆపేసి, ఆ డబ్బు కొత్తదాని మీద పెడదామంటాడు.

2. అచ్చుల వయసు: కారు తలుపు, బానెట్, పైకప్పు... ఇవన్నీ ఉక్కు రేకును ప్రెస్‌లో డైల మధ్య నొక్కి తయారు చేసేవే. డై అరిగితే బాగుచేయాలి, మరీ అరిగితే కొత్తది చేయాలి. డైలు, వెల్డింగ్ ఫిక్చర్లు ఖరీదైన సరుకు. పాత డిజైన్ చివరి దశలో ఉన్నప్పుడు వాటి మీద మళ్లీ పెట్టుబడి ఎవరూ పెట్టరు. విడిభాగాలు ఇచ్చే చిన్న కంపెనీల పరిస్థితీ ఇదే. ఆర్డరు తగ్గిన పాత భాగం కోసం మెషిన్‌ను కట్టిపడేసుకోవడం వాళ్లకు గిట్టుబాటు కాదు.

3. నిల్వ సరుకు: కొత్త రూపం వస్తోందని తెలిస్తే పాతది కొనేవాళ్లు ఆగిపోతారు. డీలర్ దగ్గర నిలిచిన ప్రతి కారు మీదా బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకే తయారీ ముందే తగ్గించి, షోరూంలు ఖాళీ అయ్యాక కొత్తది దించుతారు.

4. లైన్ మార్పు: ఒకే అసెంబ్లీ లైన్ మీద పాతది, కొత్తది కలిపి నడపగలిగితే ఖాళీ అవసరం లేదు. రెంటి కొలతలూ, నిర్మాణమూ మరీ వేరైతే లైన్ ఆపక తప్పదు. చరిత్రలో పెద్ద ఉదాహరణ ఫోర్డ్. 1927 మే 26న కోటీ యాభై లక్షల మోడల్-టీ బయటికొచ్చింది. ఆ తర్వాత దాని తయారీ ఆపి, మోడల్-ఏ కోసం యంత్రాలు మార్చారు. కొత్త కారు జనం ముందుకొచ్చింది డిసెంబరు 2న. ఆ ఆరు నెలల్లో వేలమంది కార్మికులు పనిలేక గడిపారు. ఆ ఏడాది అమ్మకాల్లో షెవర్లే ఫోర్డ్‌ను దాటేసింది.

ఆ దెబ్బ పరిశ్రమకు పెద్ద పాఠం. మార్పిడి సమయాన్ని ఎలా తగ్గించాలన్నదే ఆ తర్వాత ఇంజినీర్ల పనైంది. 1969లో జపాన్‌లోని టయోటాలో షిగియో షింగో బృందం వెయ్యి టన్నుల ప్రెస్‌లో డై మార్చే సమయాన్ని నాలుగు గంటల నుంచి గంటన్నరకు, అక్కడి నుంచి 3 నిమిషాలకు తెచ్చింది. మెకానికల్, ప్రొడక్షన్ విద్యార్థులు సిలబస్‌లో ‘ఎస్ఎంఈడీ’ అని చదివేది ఈ పద్ధతినే.

పెనుకొండలో రెండు దారులు

ఈ లెక్కలు చూడ్డానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. కర్నూలు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు వెళ్తే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ప్లాంట్ కనపడుతుంది. అప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా అది. 536 ఎకరాలు. ఏడాదికి 3 లక్షల వాహనాలు తయారు చేసేలా కట్టారు. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టులో తొలి కారు సెల్టోస్ మార్కెట్లోకి. ఈ కరవు నేలలో ప్లాంటుకు నీళ్లు ఇస్తున్నది గొల్లపల్లి రిజర్వాయర్. దానికి నీరొచ్చేది హంద్రీ-నీవా ద్వారా. ఆ కాలువ మొదలయ్యేది ఉమ్మడి కర్నూలు జిల్లాలోని మల్యాల దగ్గర.

ఈ ఒక్క కంపెనీలోనే రెండు దారులూ కనిపిస్తాయి. సెల్టోస్ నెలకు వేలల్లో అమ్ముడయ్యే బండి. 2023 జులైలో దానికి మెరుగులు దిద్దారు. రెండో తరం సెల్టోస్‌ను 2025 డిసెంబరులో ఆవిష్కరించి, 2026 జనవరి మొదట్లో ధరలు చెప్పారు. ఇన్నేళ్లలో సెల్టోస్ పేరు మార్కెట్ నుంచి తప్పుకున్నది లేదు. అంత అమ్మకం ఉన్న కారును ఆపితే ప్లాంటుకే గాలాడదు.

కార్నివాల్ దారి వేరు. ఈ పెద్ద కుటుంబ వాహనం 2020 ఫిబ్రవరిలో 24.95 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చింది. 2023లో ఉద్గార నిబంధనల రెండో దశ మొదలైంది. ఆ ఏడాది మధ్యలో కార్నివాల్ అమ్మకాలు ఆగాయి. ఏడాదికి పైగా ఖాళీ తర్వాత 2024 అక్టోబరు 3న కొత్త తరం కార్నివాల్ వచ్చింది, 63.90 లక్షల రూపాయల ధరతో! పేరు పాతదే. కొనే మనిషి వేరు, పోటీ వేరు. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే ఇలాంటి వాహనం కొన్నాళ్లు కనపడకపోయినా కంపెనీ తట్టుకోగలదు. పైగా ఆ ఖాళీ వల్ల కొనేవాళ్ల మనసులో పాత ధర చెరిగిపోతుంది.

ఈ రెండు కార్లను పక్కపక్కన పెడితే సూత్రం తేలిపోతుంది. ఎక్కువ అమ్ముడయ్యేదాన్ని ఆపకుండా మారుస్తారు. తక్కువ అమ్ముడయ్యేదాన్ని ఆపి మారుస్తారు. ఇంటర్వ్యూలో ఈ రెండు వాక్యాలు, రెండు ఉదాహరణలు చెప్పగలిగితే మీరు పరిశ్రమను గమనిస్తున్నారని ఎదుటివారికి అర్థమవుతుంది.

ఖాళీలోనే కొత్త పనులు

మన మెట్ట పొలం ఎండాకాలంలో ఖాళీగా కనపడుతుంది. తొలకరి కోసం దుక్కులు నడిచేది అప్పుడే. మోడల్ మార్పు కాలం కూడా అలాంటిదే. బయటికి కార్లు రావు, లోపల మాత్రం చాలా విభాగాలకు ఊపిరాడనంత పని. తాజాగా చదువు ముగించినవారు చేరగల విభాగాలు ఇవి.

ప్రొడక్షన్ ప్లానింగ్: పాత మోడల్ చివరి కారు ఏ రోజు దిగాలి, అప్పటికి ఏ భాగాలు ఎన్ని మిగలాలి అన్న లెక్క. ఎక్సెల్, శాప్ వంటి సాఫ్ట్‌వేర్ మీద పట్టు కావాలి. బీకాం, బీబీఏ విద్యార్థులకూ మెటీరియల్, స్టోర్స్, కాస్టింగ్ వైపు అవకాశం ఉంటుంది.

టూల్ అండ్ డై: డై డిజైన్, తయారీ, ట్రయల్, మరమ్మతు. చేతి నైపుణ్యానికి విలువ తగ్గని పని. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నడుపుతోంది. ఇంజినీరింగ్ అయినవారికీ కోర్సులున్నాయి.

వెల్డ్ షాప్: కొత్త బాడీకి తగ్గట్టు ఫిక్చర్లు బిగించడం, రోబోలకు దారి నేర్పడం. మెకానికల్‌తో పాటు ఈఈఈ, ఈసీఈ విద్యార్థులకు పీఎల్‌సీ, సెన్సర్లు తెలిస్తే ఇక్కడ చోటుంది.

సప్లయర్ క్వాలిటీ: కొత్త భాగం మొదటి నమూనాలు డ్రాయింగ్ ప్రకారం ఉన్నాయో లేదో చూసి ఆమోదించడం. ‘పీపీఏపీ’ అనే పత్రాల కట్ట ఈ విభాగానికి ప్రాణం.

హోమోలోగేషన్: కొత్త వాహనం మన నిబంధనలకు సరిపోతుందని పరీక్షల్లో నిరూపించి ధ్రువపత్రం తెచ్చుకోవడం. పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ ఈ పరీక్షలు చేసే ప్రముఖ సంస్థలు.

ఇక్కడో జాగ్రత్త. కాలేజీలో ‘ఎస్ఓపీ’ అంటే పనిచేసే పద్ధతి రాసిన కాగితం. కార్ల కంపెనీలో కొత్త మోడల్ గురించి మాట్లాడుతూ ‘ఎస్ఓపీ ఎప్పుడు?’ అన్నారంటే, అమ్మకానికి తయారీ మొదలయ్యే తేదీ ఎప్పుడని. ఈ రెండూ కలగలిపితే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

నీడ కూడా చూడాలి

ఇదే ఖాళీ అందరికీ ఒకేలా ఉండదు. ప్లానింగ్ ఇంజినీరుకు రాత్రింబవళ్లు పని ఉన్న నెలల్లోనే, లైన్ మీద పాత మోడల్ భాగాలు బిగించే కాంట్రాక్టు కుర్రాడికి షిఫ్టులు తగ్గొచ్చు. ఒకే మోడల్‌కు ఒకే భాగం ఇచ్చే చిన్న విడిభాగాల కంపెనీకి ఆర్డర్లు పడిపోవచ్చు. 1927లో డెట్రాయిట్ కార్మికులకు జరిగింది చిన్న స్థాయిలో ఎక్కడైనా జరగొచ్చు.

చట్టంలో కొంత రక్షణ ఉంది. 50 లేదా అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న ఫ్యాక్టరీల్లో, ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని లే-ఆఫ్ చేస్తే మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారంగా ఇవ్వాలి. బద్లీ, క్యాజువల్ కార్మికులకు ఇది వర్తించదు. అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణార్థే కానీ కార్మికుడు కాదు. మీ ఆఫర్ ఏ రకానిదో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

కాబట్టి ఊరు దాటి, రూము అద్దెకు తీసుకునే ముందు ఈ ఐదు అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

• ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద ఉంది? కంపెనీదా, కాంట్రాక్టరుదా?
• ట్రైనీనా, అప్రెంటిసా, ఉద్యోగా? కాలపరిమితి ఎంత? తర్వాత ఏమిటి?
• పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? యూఏఎన్ నంబరు వస్తుందా?
• నేను పనిచేసే లైన్ ఏ మోడల్‌ది? ఆ మోడల్ ఎప్పుడొచ్చింది, చివరిసారి ఎప్పుడు మార్చారు?
• ఆ లైన్ ఆగితే మమ్మల్ని వేరే షాపుకు మారుస్తారా, ఇంటికి పంపుతారా?

నాలుగో ప్రశ్నకు జవాబు మీరే వెతకొచ్చు. కారు ఎప్పుడు విడుదలైంది, ఎప్పుడు మార్పులు జరిగాయన్నది బహిరంగ సమాచారమే. చాలా ఏళ్లుగా మారని, అమ్మకాలు తగ్గుతున్న మోడల్ అయితే కాస్త ఆలోచించాలి. కొత్త మోడల్ ఎస్ఓపీకి కొద్ది నెలల ముందు చేరగలిగితే మాత్రం అది వరం. రెండేళ్లలో నేర్చుకునే పని ఆరు నెలల్లో కళ్లముందు జరుగుతుంది.

ఇప్పుడే మొదలుపెట్టండి

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించిన 12 కొత్త పారిశ్రామిక నగరాల జాబితాలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి రెండూ ఉన్నాయి. ఓర్వకల్లు 2,621 ఎకరాలు, కొప్పర్తి 2,596 ఎకరాలు. తిరుపతి జిల్లా శ్రీసిటీ వైపు ఇసుజు, హీరో మోటోకార్ప్ ప్లాంట్లు ఇప్పటికే నడుస్తున్నాయి. ఫ్యాక్టరీ ఏదైనా, తయారు చేసేది కారైనా సెల్‌ఫోనైనా, మోడల్ మార్పు తప్పదు. ఆ పని తెలిసిన మనిషి అవసరమూ తప్పదు.

డిగ్రీ, డిప్లొమా ముగించినవారు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం ‘నాట్స్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మన రాష్ట్రానికి సంబంధించిన దక్షిణ ప్రాంతీయ బోర్డు చెన్నైలో ఉంది. ఐటీఐ విద్యార్థులకు ‘న్యాప్స్’ ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టును కొని తెచ్చుకునే బదులు, దగ్గర్లోని ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఏదైనా ప్రెస్ ఉన్న యూనిట్‌కు వెళ్లండి. ఓనరును అడిగి, ఒక డై తీసి ఇంకోటి బిగించడానికి ఎంత సమయం పడుతోందో వాచీ పెట్టి రాసుకోండి. మెషిన్ ఆగాక చేయాల్సిన పనులేవి, ముందే చేసి పెట్టుకోగలిగేవి ఏవో విడదీయండి. పానా వెతకడం, బోల్టులు సర్దడం లాంటివి ముందే జరిగితే ఎన్ని నిమిషాలు మిగులుతాయో చూపండి. పది నిమిషాలు తగ్గించినా చాలు. రెజ్యుమెలో అది మీ సొంత పని. ఎంత లోతుగా అడిగినా తడబడకుండా చెప్పగలరు.

ఇంకో అలవాటు చేసుకోండి. ఏదైనా బండి షోరూంలో కనపడడం మానేస్తే ‘ఫెయిలైంది’ అని వదిలేయకుండా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నిబంధన మారిందా? అమ్మకం ఎంత? అచ్చులు పాతబడ్డాయా? లైన్ మార్చాలా? కొన్ని బండ్లు నిజంగానే తిరిగిరావు. కొన్ని కొత్త రూపంతో వస్తాయి. ఏది ఏ కోవకు చెందుతుందో ముందే అంచనా వేయగలిగితే, రేపు ఇంటర్వ్యూలో ‘ఈ మోడల్ ఎందుకు ఆపారంటావ్?’ అని అడిగినప్పుడు నీళ్లు నమలాల్సిన పని ఉండదు.